కాశీకి దారి లొసాన్ మీదుగా

2025 జులై 18న మన దేశపు రెండో అంచె ఫుట్‌బాల్ లీగులో గెలిచిందెవరో తేలింది. తేల్చింది రెఫరీ కాదు, గోలు కాదు, పాయింట్ల పట్టిక అసలే కాదు. స్విట్జర్లాండ్‌లో లొసాన్ అనే ఊళ్లో ఉన్న క్రీడల కోర్టు తేల్చింది. ఐ-లీగ్ చివరి మ్యాచ్‌లు ఏప్రిల్ 6నే అయిపోయాయి. 2024 నవంబరు 22న మొదలుపెట్టి 136 రోజులు ఆడారు. విజేత పేరు కనుక్కోవడానికి ఇంకో 103 రోజులు పట్టింది. ఆడటం కంటే గెలవడం కష్టమని పెద్దలు చెప్పారు. గెలిచామని కాగితం తెచ్చుకోవడం అంతకంటే కష్టమని మాత్రం చెప్పలేదు. పాపం, వాళ్లెవరూ ద్వారకలోని ఫుట్‌బాల్ హౌస్ మెట్లెక్కలేదు మరి.

ద్వారక అంటే కృష్ణుడిది కాదు, ఢిల్లీలో ఉన్న ద్వారక. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కొలువుదీరేది అక్కడే. దాన్ని ఆడిపోసుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నేను ఆ బాపతు కాదు. నూటయాభై ఏళ్లుగా ఈ ఆట బంతి చేతిలో కీలుబొమ్మగా పడి ఉంది. బంతి ఎటు దొర్లితే అటే గెలుపు, దానికి అప్పీలూ లేదు, వాయిదా లేదు, వకాల్తా లేదు. ఈ నిరంకుశత్వం నుంచి మన సమాఖ్య ఫుట్‌బాల్‌ను విముక్తం చేసింది. ఇక్కడ బంతి తన అభిప్రాయం చెబుతుంది, అంతే. దాన్ని కమిటీ పరిశీలిస్తుంది. ఆ కమిటీ మాటను ఇంకో కమిటీ కొట్టేస్తుంది. ఆఖరున ఫైలు విమానమెక్కుతుంది.

ఈ లీగు గొప్పదనం తెలియాలంటే ముందు భూగోళం మరిచిపోవాలి. ఊరి పేరు చూసి బస్సెక్కితే మోసపోతారు. ఇంటర్ కాశీ అనే జట్టు 2023లో పుట్టింది. పెట్టింది కోల్‌కతా వ్యాపార సంస్థ, 2024–25లో ఆడిన మైదానం బెంగాల్‌లోని కల్యాణి, పొత్తేమో అండోరాలోని ఇంటర్ ఎస్కాల్డెస్‌తోనూ స్పెయిన్‌లోని అట్లెటికో మాడ్రిడ్‌తోనూ. ఒక్క విశ్వనాథుడికి తప్ప అందరికీ చెప్పి పెట్టిన జట్టన్నమాట. ఢిల్లీ ఎఫ్‌సీ సొంత మైదానం పంజాబ్‌లోని మహిల్‌పూర్. రాజస్థాన్ యునైటెడ్ కొన్నాళ్లు తన సొంత మ్యాచ్‌లు ఢిల్లీలో ఆడుకుంది. నవ్వకండి, మన సంగతీ ఉంది. పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి కాపురం వెళ్లిపోయింది. అంటే ఢిల్లీ జట్టు పంజాబ్‌లోనూ, హైదరాబాద్ జట్టు ఢిల్లీలోనూ ఉన్నాయి. ఐ-లీగ్‌లో మనకున్న శ్రీనిధి డెక్కన్‌ను మొదట విశాఖపట్నం జట్టని ప్రకటించారు. అది హైదరాబాద్ శివార్లలో, అజీజ్‌నగర్‌లో తేలింది. 2024–25 సీజను తొలిరోజున గోకులం కేరళ వచ్చి 3–2తో దాన్ని ఓడించి వెళ్లింది కూడా అక్కడే. ఆ సంగతి అజీజ్‌నగర్‌లో ఎంతమందికి తెలుసని మాత్రం అడక్కండి.

పన్నెండు జట్లు, జట్టుకు 22 మ్యాచ్‌లు, వెరసి 132. వీటిలో 131 మ్యాచ్‌ల గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా 2025 జనవరి 13న పంజాబ్‌లోని శ్రీ భైణీ సాహిబ్‌లో జరిగిన ఒక్క మ్యాచ్ గురించే. నామ్‌ధారీ జట్టు సొంత ఊళ్లో, సొంత మైదానంలో ఆడి, ఇంటర్ కాశీని 2–0తో ఓడించింది. ఇలాంటి పద్ధతైన పని ఈ లీగులో చెల్లదని వాళ్లకు తెలిసినట్టు లేదు. ఆ రోజు ఆడినవాళ్లలో క్లెడ్సన్ కార్వాలో ద సిల్వా అనే బ్రెజిల్ ఆటగాడున్నాడు. అంతకుముందే అతని ఖాతాలో నాలుగు పసుపు కార్డులు పడ్డాయి. నాలుగు పడితే తర్వాతి మ్యాచ్‌లో కూర్చోవాలి. అతను కూర్చోలేదు, ఆడాడు. కాశీవాళ్లు ఫిర్యాదు చేశారు.

నాలుగు కార్డులు. ముప్పై మూడు కాదు, మూడు వందలు కాదు. పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి దించి తొమ్మిది వందల ఏళ్లు దాటింది. ఆయన లెక్కలు నాలుగుతో ఆగలేదు. మా పక్కూరి రేషను డీలరు తెల్ల కార్డులెన్ని, గులాబీ కార్డులెన్ని, ఎవరింట్లో ఎన్ని నోళ్లు, ఎవరు పోయిన నెల బియ్యం తీసుకుని పంచదార మానేశారు అన్నీ చూడకుండా చెప్పేవాడు. ఆయన దగ్గర ఉన్నది అంచులు నలిగిన ఒక పొడుగు పుస్తకం. సమాఖ్య దగ్గర ఉన్నవి కంప్యూటర్లు, పోటీల విభాగం, ప్రతి మ్యాచ్‌కీ ఒక కమిషనరు. పుస్తకం ఉన్నవాడికి కార్డుల లెక్క తెలిసింది. కంప్యూటర్లున్నవాళ్లకు అది అంతర్జాతీయ న్యాయశాస్త్ర సమస్య అయింది.

అక్కడి నుంచి ఆట అసలైన క్రీడాకారుల చేతికి వెళ్లింది. క్రమశిక్షణ కమిటీ నామ్‌ధారీ గెలుపును కొట్టేసి ఇంటర్ కాశీ 3–0తో గెలిచినట్టు రాసింది. నామ్‌ధారీ అప్పీలు చేసింది. మార్చి నెలాఖరులో అప్పీళ్ల కమిటీ ఆ నిర్ణయం మీద స్టే ఇచ్చింది. లీగు చివరి వారాల్లో ఉందని, పట్టికలో పైనున్న జట్ల మధ్య తేడా వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉందని ఆ కమిటీకి ఎవరైనా చెప్పారో లేదో. చెప్పినా ఏం లాభం లెండి. లీగు ఒక క్యాలెండరు చూసుకుని నడుస్తుంది, కమిటీ ఇంకో పంచాంగం చూసుకుని నడుస్తుంది.

ఏప్రిల్ 6 ఆదివారం. ఆ రోజు గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో ఫుట్‌బాల్ కనబడేది అక్కడే. శ్రీనగర్‌లో చర్చిల్ బ్రదర్స్, రియల్ కశ్మీర్ 1–1తో డ్రా చేసుకున్నాయి. కల్యాణిలో ఇంటర్ కాశీ 3–1తో రాజస్థాన్ యునైటెడ్‌ను ఓడించింది. కోజికోడ్‌లో గోకులం కేరళ తరఫున లెసోతో నుంచి వచ్చిన థాబిసో బ్రౌన్ హ్యాట్రిక్ కొట్టాడు, అయినా డెంపో చేతిలో గోకులం 3–4తో ఓడిపోయింది. మూడు ఊళ్లలో జట్లు ఒకేసారి ఒక కప్పు కోసం పరిగెత్తిన సాయంత్రం అది. ప్రపంచంలో ఏ లీగుకైనా ఇలాంటి ఆఖరి రోజు దొరికితే పదేళ్లు చెప్పుకుంటారు. పట్టికలో చర్చిల్‌కు 40 పాయింట్లు, కాశీకి 39. ఆ స్టే ఎత్తేస్తే కాశీకి 42. చర్చిల్ గెలిచింది, కాకపోతే కాశీ ఓడలేదు.

ఆ రాత్రి మన హైదరాబాద్‌లో ఏదో పత్రిక స్పోర్ట్స్ డెస్కులో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోండి. ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్. మన సిరాజ్ గుజరాత్ తరఫున మన సన్‌రైజర్స్ మీదే 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. పేజీ పెట్టే హడావుడిలో ఉన్న ఇన్‌ఛార్జి దగ్గరికి కుర్ర సబ్ ఎడిటరు వచ్చాడు.

“సార్, ఫుట్‌బాల్ ఐ-లీగ్ అయిపోయింది సార్. వార్త పెడదామా?”

“ఎవరు గెలిచార్రా?”

“ఇంకా తెలీదంట సార్.”

“అయిపోయిందన్నావు కదరా!”

“ఆట అయిపోయింది సార్. గెలవడం ఇంకా అవలేదు.”

“సిరాజ్ ఫొటో ఇంకో కాలమ్ పెంచు.”

ఆ ఇన్‌ఛార్జిని తప్పుపట్టలేం.

పన్నెండు రోజుల తర్వాత అప్పీళ్ల కమిటీ నామ్‌ధారీ వైపు తీర్పు చెప్పింది. దాంతో చర్చిల్ బ్రదర్సే విజేత అని సమాఖ్య ప్రకటించింది. కాశీవాళ్లు కాస్ దగ్గరికి పరిగెత్తారు. కాస్ అంటే పైన చెప్పిన లొసాన్ కోర్టు. 2024 ఆగస్టులో వినేశ్ ఫోగాట్ వంద గ్రాముల కేసుతో మన రచ్చబండల మీద కూడా నలిగిన పేరే. విచారణ తేలేదాకా కప్పు ప్రదానం చేయొద్దని కాస్ ఏప్రిల్ నెలాఖరులో ఉత్తర్వు ఇచ్చింది. స్విట్జర్లాండ్‌లో ఉత్సవం ఆపమంటుండగా గోవాలో ఉత్సవం జరిగింది. కప్పు చర్చిల్ వాళ్ల చేతికి వెళ్లింది. మన దేశంలో ఫైలుకు ఏళ్లు పడుతుందని నిందిస్తారు గానీ, చేయొద్దన్న పనికి ఇంత చురుకుదనం ఇంకెక్కడ చూస్తాం?

చర్చిల్ బ్రదర్స్ అంటే గోవా రాజకీయాల్లో కాకలు తీరిన అలెమావ్ కుటుంబం జట్టు. 2009లోనూ 2013లోనూ ఈ లీగును నిఖార్సుగా మైదానంలో గెలిచినవాళ్లు. ఆ కుటుంబ పెద్ద చర్చిల్ అలెమావ్ 1990లో గోవా ముఖ్యమంత్రి అయ్యారు. కుర్చీలో మూడు వారాలు కూడా నిండలేదు. ఆ లెక్కన చూస్తే ఈ ఛాంపియన్ పదవి మూడు నెలలు నిలవడం ఇంటా వంటా లేని దీర్ఘాయుష్షే. నిజానికి నాకు జాలి కలిగేది వాళ్ల ఆటగాళ్ల మీద. 22 మ్యాచ్‌లు ఆడి, పట్టికలో పైన నిలిచి, మెడలో పతకం వేయించుకుని ఇంటికెళ్లిన కుర్రాళ్లు వాళ్లు. ఆ పతకాన్ని జులైలో ఏమని పిలవాలి?

ఈలోగా ఇంకో కేసు. కథకు ఒక్క పిట్టకథ కూడా లేకపోతే ఎలా? ఇంటర్ కాశీ జట్టులో మారియో బార్కో అనే స్పెయిన్ స్ట్రైకరున్నాడు. సీజను మధ్యలో అతని పేరు తీసి ఇంకో విదేశీయుడి పేరు రాశారు. తర్వాత మళ్లీ అతని పేరే రాశారు. ఒకసారి తీసిన పేరు మళ్లీ ఎలా రాస్తారని చర్చిల్, నామ్‌ధారీ, రియల్ కశ్మీర్ మూడూ కలిసి ఫిర్యాదు చేశాయి. మామూలు మనిషి ఇక్కడ ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఆ పేరును రెండోసారి రిజిస్టరు చేసిందెవరు? ఇంటర్ కాశీ తన గోడ మీద బొగ్గుతో రాసుకోలేదు కదా. దరఖాస్తు సమాఖ్యకే వెళ్లింది, సమాఖ్యే ఆడొచ్చంది, అతను ఆడాడు. ఆ తర్వాత సమాఖ్య అప్పీళ్ల కమిటీయే కూర్చుని అది తప్పంది. కుడిచేయి ఇచ్చిన అనుమతిని ఎడమచేయి నేరం చేసింది. రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టాల్సింది మనం.

జూన్ 17న కాస్ మొదటి కేసులో కాశీకి న్యాయం చేసింది. పసుపు కార్డులు నాలుగే, నాలుగంటే నాలుగే. జులై 18న రెండో కేసులోనూ కాశీదే గెలుపని, వెంటనే దాన్ని విజేతగా ప్రకటించమని సమాఖ్యను ఆదేశించింది. మధ్యవర్తిత్వం ఖర్చులో 55 శాతం సమాఖ్య, తలా 15 శాతం ఆ మూడు క్లబ్బులూ భరించాలంది. సమాఖ్య వాటా ఎవరి జేబులోంచి వస్తుందో మీకు తెలుసు, అది కమిటీ సభ్యుల జేబు మాత్రం కాదు. ఆ స్విస్ ఫ్రాంకులతో మన జిల్లాల్లో ఎన్ని మైదానాలకు గోల్‌పోస్టులు పాతవచ్చో లెక్క కట్టబోయాను. లెక్కల జోలికి పోతే అప్పీలు పడుతుందేమోనని ఆగాను.

ఆ మొదటి తీర్పుకు వారం ముందు, జూన్ 10న, మన జాతీయ జట్టు హాంకాంగ్ చేతిలో 0–1తో ఓడింది. జులైలో ఫిఫా ర్యాంకు 133కు దిగింది. 132 మ్యాచ్‌లు ఆడించినందుకు 133వ స్థానం. ఒక్క అంకె తేడాను అధికారులు చక్కగా అదుపులో ఉంచారు.

కాశీ గెలిచింది కదా, ఇక పై అంచె లీగులోకి వెళ్తుందని మీరనుకుంటారు. గెలిస్తే పైకి పోవచ్చన్న ఆశే కదా ఈ రెండో అంచెకు ప్రాణం. సరిగ్గా వారం ముందు, జులై 11న, ఇండియన్ సూపర్ లీగ్ నడిపే సంస్థ కొత్త సీజను ఆపేస్తున్నానని ఉత్తరం రాసింది. సమాఖ్యతో దాని ఒప్పందం ఆ డిసెంబరుతో ముగియనుండగా, కొత్తది కుదరలేదు. ఏడాది పొడుగునా ఆడి, మూడు నెలలు వాదించి, లొసాన్ నుంచి తాళం చెవి తెచ్చుకుంటే ఇల్లే లేదు. సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే ఒకప్పటి గోల్‌కీపరు. 2022 సెప్టెంబరులో జరిగిన ఎన్నికలో దేశానికి తెలిసిన బైచుంగ్ భుటియాను 33–1తో ఓడించారు. ఈ దేశపు ఫుట్‌బాల్‌లో అప్పీలు లేకుండా తేలిన స్కోరు బహుశా అదొక్కటే. ఆపడం గోల్‌కీపరు ధర్మం కాబట్టి, ఆయన హయాంలో బంతితో పాటు లీగు కూడా ఆగిందంటే అది వృత్తి నైపుణ్యమే.

అసలు పైకెక్కడం, కిందికి దిగడం అన్న మాటలే ఇక్కడ వేరు. 2024–25 దాకా కింది నుంచి ఒకరు ఎక్కొచ్చు గానీ, పైనుంచి ఎవరూ పడేవారు కాదు. 2024–25లో మొహమెడన్ స్పోర్టింగ్ పై లీగులో అట్టడుగున నిలిచింది, అయినా పైనే ఉంది. అంతకుముందు ఏడాది మన ఊరి లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2023–24లో హైదరాబాద్ ఎఫ్‌సీ పై లీగులో 22 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచింది, మొత్తం 8 పాయింట్లు. జీతాలందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. అదే ఊళ్లో, అదే ఏడాది, కింది లీగులో శ్రీనిధి డెక్కన్ 48 పాయింట్లు సంపాదించి రెండో స్థానంలో నిలిచింది. అంతకుముందు ఏడాదీ రెండో స్థానమే. ఎనిమిది పాయింట్ల జట్టు పైన, నలభై ఎనిమిది పాయింట్ల జట్టు కింద. నలభై ఎనిమిదిలో నాలుగు పదులు ఎక్కడికి పోయాయని అడిగితే, పైన ఉండటానికి పాయింట్లు అక్కర్లేదు, లైసెన్సు చాలు అంటారు. కులం అడిగి కూర్చోబెట్టే పంక్తి మనకు కొత్తా ఏమిటి?

సయ్యద్ అబ్దుల్ రహీం అనే హైదరాబాదీ బడిపంతులు తయారుచేసిన జట్లు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాయి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ కాలపు మేటి. అప్పట్లో మనం దేశపు ఫుట్‌బాల్‌కు కాళ్లు ఇచ్చాం. ఇప్పుడు ఏం ఇవ్వడం లేదని కుమిలిపోనక్కర్లేదు. సమాఖ్య కొత్త రాజ్యాంగాన్ని రాసిపెట్టింది మాజీ న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావు. 2025 సెప్టెంబరు 19న దాన్ని ఆమోదించిన సుప్రీంకోర్టు ధర్మాసనానికి పెద్ద జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ. ఇద్దరూ తెలుగువారే. ఇప్పుడు గోల్స్ కొట్టేది కాగితం మీదే కాబట్టి, కాలానికి తగినవాళ్లనే ఇచ్చాం. వాళ్ల పని వాళ్లు బాగానే చేశారు. పద్ధతిగా ఆడటానికి సుప్రీంకోర్టు, గెలిచినవాణ్ణి గుర్తుపట్టడానికి స్విస్ కోర్టు కావలసిన ఇంటికి పెద్దదిక్కు ఎవరన్నదే అంతుపట్టదు.

రాజ్యాంగం వచ్చాక అక్టోబరులో పై లీగు వాణిజ్య హక్కులకు టెండరు పిలిచారు. నవంబరులో గడువు ముగిసేసరికి ఒక్క బిడ్డు కూడా రాలేదు. పదిహేనేళ్ల పాటు ఏటా కోట్లు తెచ్చిన సరుకును ఉచితంగా తూచినా కొనేవాడు లేనంత పరువు సంపాదించారు. కొత్త ఏడాదిలో ప్రభుత్వమే పూనుకుంటే తప్ప కదల్లేదు. చివరికి 2026 ఫిబ్రవరి 14న, సగం సీజను కాలగర్భంలో కలిశాక, పద్నాలుగు జట్లతో ఒక్కొక్కరితో ఒక్కసారే తలపడే కురచ లీగు మొదలైంది. ఇంటర్ కాశీ అందులో ఉంది. ఒకప్పటి హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ పేరుతో ఉంది. హైదరాబాద్ లేదు.

మనకు మిగిలింది శ్రీనిధి. ఆ జట్టు నడిపేవాళ్లకు ఊరివాడిగా ఒక సలహా. వచ్చే సీజనుకు ఆఫ్రికా నుంచో, లాటిన్ అమెరికా నుంచో స్ట్రైకర్లను వెతికే పనిలో ఉండి ఉంటారు. వెతకండి, కాదనను. కానీ విదేశీ ఆటగాళ్ల కోటాలో ఒక ఖాళీ ఉంచుకుని, లొసాన్‌లో మంచి పేరున్న వకీలును ముందే కుదుర్చుకోండి. ఆయన పేరు ఒక్కసారే రాయించండి, మళ్లీ తీయకండి.